రోజుకొక తప్పుపోగు

గుమ్మలకోట పాళెగారు పెద్ద కదిరప్ప నాయనివారు మాకు ఆరో తరం పెద్ద. అత్తిబెలె దాటి తూర్పుగా పోతే ఒక గుట్ట మీద నాలుగు బురుజుల మొండాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కోట ఆయనది. ఆయనకు ముప్పై గుర్రాలు, వెండిపిడి గొడుగు, ముందు నడిచే నగారా ఉండేవని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన మనుమడు ముసలప్ప నాయనివారికి ఇంగ్లీషు రెసిడెంటు దర్బారులో కుర్చీ వేసేవారు. మా తాత చిన్న కదిరప్ప నాయనివారికి కుర్చీ వెయ్యలేదు గాని, నిలబడడానికి ముందువరసలో చోటిచ్చారు. మా నాన్న దర్బారుకే పోలేదు. దర్బారు కుర్చీ లాంటిది ఒకటి వడ్రంగి చేత చేయించి, బెంగుళూరు చామరాజపేటలో మేమున్న అద్దె ఇంటి నడవలో వేసుకుని కూర్చున్నారు. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చునేవారు కారు.

ఇన్ని తరాలలో గుర్రాలు పోయినా, గొడుగు పోయినా, మా వాళ్ళ వెన్ను మాత్రం వంగలేదు. కాలేజీ బల్ల మీద కూడా నేను వెనక్కి ఆనకుండా నిటారుగా కూర్చునేవాణ్ణి. నా వెనకవాళ్ళు బోర్డు కనిపించక తిట్టుకునేవారు. ఆ వెన్నులో ఎముక ఉందా లేదా అని ఒక మనిషి పరీక్ష పెట్టి చూశాడు. ఆయన్ను గురించే ఇది.

పోయిన నెల అవెన్యూ రోడ్డులో పోతూ శెట్టి అంగడి దగ్గర ఆగాను. శెట్టి కాలేజీలో నా పక్క బల్లవాడు. ఇప్పుడు పరీక్షల గైడ్లు అచ్చేసి అమ్ముతాడు. ఇద్దరు విద్యార్థులు ఒక చరిత్ర గైడు తెరిచి, కొనాలా వద్దా అని బయటికి చదివి చూస్తున్నారు. ఇంగ్లీషు వాక్యం, ఏ తడబాటూ లేకుండా చదివాడు ఒకడు: గుమ్మలకోట పాళెగాడు పెద్ద కదిరప్ప ముప్పై మంది రౌతులతో, చేత ఖడ్గం పట్టి, నవాబు సైన్యాన్ని మూడు దినాలు నిలువరించెను.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"ఇది ఇంకా అచ్చేస్తున్నావా శెట్టీ?"

"నాలుగో అచ్చప్పా. ఇంకా తడి కూడా ఆరలేదు, చూడు."

"ఇది అబద్ధమని నీకు తెలుసు గదా."

"నాకు తెలుసు, నీకు తెలుసు, సారుకి తెలుసు." శెట్టి గైడును దులిపి దొంతిలో పెట్టాడు. "ఈ జూన్‌కి సారు రాలేదప్పా. మే నెల్లోనే పోయినాడంట. నాకూ నిన్ననే తెలిసింది."

మే నెలలో పోవడం ఆయన పద్ధతికి సరిపోయింది. ఆ నెలలో ఆయన కాలేజీవాడు కాదు. తనకు నివాళి ప్రకటించవలసిన పని కాలేజీకి లేకుండా చేశాడు.

మేము ఆయనను జూన్ సార్ అనేవాళ్ళం. చరిత్ర చెప్పేవాడు. ఆయన ఉద్యోగం తాత్కాలికం. మార్చి ఆఖరున కాలేజీ ఆయనను వదిలేసేది, వేసవి సెలవుల జీతం ఇవ్వనక్కరలేకుండా. జూన్‌లో వానలతో పాటు మళ్ళీ పిలిచేది. నేను చేరేనాటికి ఇట్లా తొమ్మిది జూన్‌లు గడిచాయి. నడుమ రెండు నెలలు పేటలో, అంటే పాత ఊళ్ళో, అన్నగారి ఇంట మగ్గం మీద కూర్చునేవాడు. వాళ్ళది పేటలో పాత నేత కుటుంబం. జూన్‌లో మొదటిరోజు ఆయన చేతులకు నీలిరంగు ఇంకా వదిలేది కాదు. సుద్దముక్క పట్టుకుంటే అదీ నీలమయ్యేది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఎదురుపడినా ముందు ముఖం చూసేవాడు కాదు. ఉత్తరీయమో కోటు అంచో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూసేవాడు. "కోయంబత్తూరు మిల్లు," అనేవాడు. లేకుంటే "ఇది పెండ్లిలో పెట్టిన బట్ట, కొన్నది కాదు," అనేవాడు. ఆ తరువాతే నమస్కారం. మా పరీక్షకాగితాలను కూడా అట్లాగే అంచు పట్టి నలిపేవాడు. "పోగులుండాయప్పా. నేత లేదు." నాకు ఆ మాటకు మించి మార్కు ఎప్పుడూ రాలేదు.

హాజరు తీసే పద్ధతి ఇంకా వింత. మిగతావాళ్ళు గంట మొదట్లో వరసగా నంబర్లు పిలిచి రిజిస్టరు మూసేవారు. వెంటనే వెనక బల్లలు కిటికీలోంచి దూకేవి. ఈయన పాఠం మధ్యలో, వాక్యం మధ్యలో పిలిచేవాడు. "అప్పుడు నవాబు కోట వాకిట్లో గుర్రం దిగి, మీసం దువ్వి, గట్టిగా అడిగినాడు..." ఊపిరి పట్టి వింటూ ఉండేవాళ్ళం. "పదిహేడు?" "ప్రెజెంట్ సార్!" అని పదిహేడో నంబరువాడు ఉలిక్కిపడి లేచేవాడు. గది గొల్లుమనేది. పలకకపోతే, "పదిహేడు పారిపోయినాడు, కోట పడిపోయింది," అని సున్నా చుట్టి కథ సాగించేవాడు. ఎప్పుడు ఎవరిని పిలుస్తాడో తెలియక ఎవరూ దూకేవారు కారు.

ఇన్ని ఉన్నా ఆయనలో ఒక లోపం ఉండేది. నోట్సు చెప్పేవాడు కాదు.

పరీక్షలు రాసినవాళ్ళకు దాని బరువు తెలుస్తుంది. పక్క సెక్షనులో చరిత్ర చెప్పే పెద్దాయన దగ్గర పసుపురంగుకు తిరిగిన ఒక నోట్సు ఉండేది. ఇరవై ఏళ్ళ కిందట రాసుకున్నది. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా దాన్ని చదివేవాడు, వాళ్ళు రాసుకునేవారు, మార్చిలో దాన్నే పరీక్షలో కక్కేవారు, పాసయ్యేవారు. మా సెక్షను చేతిలో నవాబు మీసం తప్ప ఏమీ లేదు. అది యుద్ధకాలం. నోటుబుక్కుల కోసం అంగళ్ళ ముందు నిలబడవలసి వచ్చేది. అట్లా తెచ్చుకున్నవి ఖాళీగా ఉండిపోతున్నాయని మా వాళ్ళ బాధ. ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టాలన్నారు.

అర్జీ రాసింది నేనే. మొదటి సంతకం నాదే: పూర్తి పేరు, పాళెం పేరు, పూర్వపు బిరుదు, అన్నీ కలిపి. మిగతావాళ్ళు దాని కింద చోటున్న మేరకు సర్దుకున్నారు.

మరునాడు ఆయన గదిలోకి వచ్చి, గొడుగు బల్లకు ఆనించి, నావైపు చూశాడు.

"అర్జీ చూసినాను. సంతకం రెండు వరసలుండాది, విషయం ఒక వరసే ఉండాది. పాళెగార్ల అర్జీ అంటే అట్లుండాల కదప్పా."

గది నవ్వింది. నేను వెన్ను ఇంకా నిటారు చేశాను.

"ఈ ఏడు యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తా ఉండాది," అన్నాడు ఆయన, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "వచ్చినాయన మీ పుస్తకాలు తెరిచి చూస్తాడంట. నోట్సు బాగుంటే నా పోస్టు ఖాయం చేస్తారంట. లేకుంటే వచ్చే జూన్‌లో వానొకటే వస్తుందని ప్రిన్సిపాల్ సారు చెప్పినారు. కాబట్టి రాసుకోండి."

ఇట్లా ఒక మనిషి తన అన్నం సంగతి పిల్లల ముందు విప్పి చెప్పడం నేను అంతకు ముందు చూడలేదు. మా ఇంట్లో ఉప్పు అయిపోయినా గుసగుసగానే చెప్పుకునేవారు. నాకు కొంచెం సిగ్గేసింది. కాని కలం తీశాను.

గంటంతా ఇంగ్లీషులో నోట్సు చెప్పాడు. నడవలో పోతున్న ప్రిన్సిపాలు "కామా", "ఫుల్‌స్టాప్" అన్న మాటలు విని, తృప్తిగా తల ఊపి వెళ్ళాడు. గంట కొట్టేముందు ఆయన గొడుగు తీసుకుని తెలుగులోకి దిగాడు.

"మా నాయన చీర నేస్తే అంచుకాడ ఒక తప్పుపోగు వేసేవాడప్పా. కావాలనే. కొననొచ్చినోడు దాన్ని పట్టుకుంటే, వీడికి బట్ట తెలుసు, వీడికాడ మాట జాగ్రత్త అని లెక్క. పట్టుకోలేదా, వీడికి ఏది చెప్పినా నడుస్తుంది. ఈ పొద్దు మీ నోట్సులో ఒక తప్పుపోగుండాది. రేపు పట్టుకురండి."

"తప్పంటే ఏంది సార్?" అన్నాడు శెట్టి.

"అబద్ధమప్పా. శుద్ధ అబద్ధం. దాన్నే పోయి పరీక్షలో రాసినారంటే గుండుసున్నా."

ఆ సాయంకాలం మా సెక్షనంతా లైబ్రరీ మీద పడింది. లైబ్రేరియను మెతకమనిషి. ఏళ్ళ తరబడి ఎవరూ రాని గదిలో కునుకు తీసుకుంటూ ఉండేవాడు. ఒక్కసారిగా యాభై మంది తలుపు తోసేసరికి స్ట్రైకు అనుకుని బీరువాల తాళాలు పంచెలో దోపుకుని బల్ల వెనక్కి పోయాడు. "పుస్తకాలు కావాలి సార్," అంటే ఇంకా భయపడ్డాడు. ఎట్లాగో తెరిపించాం. శ్రీరంగపట్నానికి ఉత్తరాన మాత్రమే కావేరి పారుతుందని సారు ఆనాటి నోట్సులో చెప్పాడు. ఆ ఊరు నదిమధ్య దీవి. పటంలో కంటిపాపలాగా కనబడుతూనే ఉంది. మరునాడు శెట్టి లేచి చెప్పాడు. ఆయన కోటు జేబులోంచి పిడికెడు వేయించిన శెనక్కాయలు తీసి శెట్టి దోసిట్లో పోశాడు. అదే బహుమానం.

అప్పటినుంచి రోజుకొక అబద్ధం. ఒకనాడు ఒక రాజును చచ్చిన మూడేళ్ళకు పట్టాభిషిక్తుణ్ణి చేశాడు. ఇంకొకనాడు ఒక దండయాత్రను బెంగుళూరు దగ్గర సముద్రం దాటించాడు. అది మాకు తేలికగా దొరికితే, "ఈ పొద్దు మీకు సెలవిచ్చినాను లేప్పా," అన్నాడు. పక్క సెక్షనువాళ్ళు మా లైబ్రరీ పరుగులు చూసి నవ్వేవారు. కొన్నాళ్ళకు వాళ్ళ పసుపుపచ్చ నోట్సులోనే మావాళ్ళు మూడు తప్పులు పట్టి ఇచ్చారు. అవి ఆ పెద్దాయన కావాలని వేసినవి కావు.

ఈ రోజుల్లోనే ఆయన మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో పూర్వపు కడితం ఉందని నేను గొప్పగా చెప్పి ఉన్నాను. కడితమంటే బట్ట పుస్తకం. గుడ్డకు చింతగింజల గంజీ బొగ్గుపొడీ పట్టించి, నల్లగా అట్టకట్టించి, మడతలు మడతలుగా మడుస్తారు. దానిమీద బలపంతో రాస్తారు. తడిచేత్తో తుడిస్తే పోతుంది. మా కడితం ఒక చెక్కపెట్టెలో ఉండేది. ఏటా ఆయుధపూజనాడు గోడమీది పెద్ద కదిరప్ప ఖడ్గంతో పాటు దాన్ని దించి, పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, మళ్ళీ పైన పెట్టేవాళ్ళం. అందులో ఉన్నది గొలుసుకట్టు రాత. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ రాత చదవగలవాళ్ళు లేరు. చదవాలని ఎవరికీ తోచలేదు కూడా. పూజ చేస్తున్నాం గదా.

ఆదివారం ఉదయం ఆయన వచ్చేసరికి నాన్న కుర్చీలో ఉన్నారు. అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది.

"ఎవురోళ్ళు నాయనా నువ్వు?" అంది అవ్వ.

"పేటలో నేతోళ్ళం అవ్వా. మీ మనమడికి పాఠం చెప్తా ఉండాను."

"నేస్తా నేస్తా పాఠం గూడా చెప్తావా?"

"రెండూ ఒకటే కదవ్వా. తెగిన కాడ ముడెయ్యాల."

ఆయన కూర్చోడానికి చోటు వెతికి, కిందికి దించి ఉంచిన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

"అయ్యయ్యో, అది దేవుని పెట్టె!" అని అవ్వ కేక వేసింది.

ఆయన లేచి, పెట్టెకు దణ్ణం పెట్టి, పక్కకు జరుగుతూ నాన్న భుజంమీది శాలువా అంచు పట్టి నలిపాడు. నాన్న నిశ్చేష్టులయ్యారు. ఆ శాలువాను మా ఇంట్లోవాళ్ళమే తాకేవాళ్ళం కాదు.

"ఇది రెసిడెంటు దర్బారులో మా తాతగారికి కప్పినది," అన్నారు నాన్న.

"కప్పింది దర్బారులోనే దొరా. నేసింది మా తాత." అంచును వెలుగుకు తిప్పి, చిటికెనవేలితో ఒక ఎర్రపోగు చూపాడు. పచ్చని అంచులో ఒంటరిగా, ఎవరికీ అక్కరలేనట్టు ఉందది. "ఇదిగో తప్పుపోగు. మీవోళ్ళు పట్టుకోలేదు, రెసిడెంటూ పట్టుకోలేదు."

నాన్న శాలువా సర్దుకున్నారు, పెట్టె తెరవమని నాకు సైగ చేశారు. ఆ రోజు చదివించకుండా పంపేసి ఉంటే ఆరో తరం దాకా పరువు దక్కేది. పేట అంగళ్ళలో లెక్కలు ఇంకా గొలుసుకట్టులోనే రాస్తారనీ, ఆయన చిన్ననాటినుంచీ ఆ లెక్కల మధ్య పెరిగాడనీ మాకు తెలియదు. ఆయన కడితాన్ని కూడా ముందు వేళ్ళతో నలిపి, "మంచి గుడ్డ," అని, గడగడా చదివాడు.

"నవాబు ఫౌజు రాగా, నాయనివారు అత్తవారి వూర పనసతొనలు విస్తారం భుజించి కడుపునొప్పిచేత శయనించి వుండగా, లెక్కలు రాసే శానభోగుడు కోట తాళపుచేతులు యిచ్చినాడు. కోటలో గుర్రాలు మూడు. అందు వకటి కుంటిది. తదుపరి జాతరలో నాయనివారు ఖడ్గం వకటి కొన్నారు."

గోడమీది ఖడ్గం వైపు ఎవరమూ చూడలేదు.

"ముప్పై గుర్రాలు గదా?" అంది అవ్వ.

"మూడే ఉండాయవ్వా. బలపం రాత, సున్నా యాడైనా రాలిపోయిందేమో అని నేనూ చూసినాను. లేదు."

"తడిగుడ్డ తేరా," అన్నారు నాన్న నాతో.

నేను కదలలేదు. ఆయన కడితం మడత పెట్టకుండానే నాన్న ముందు ఉంచాడు.

"తుడవొచ్చు దొరా, తడిచెయ్యి చాలు. ఇన్నేండ్లుగా మీ ఇంట్లో అందురికీ చేతులుండాయి, నీళ్ళుండాయి. మొదట్లో అందురికీ చదవను కూడా వచ్చు. ఎవురూ తుడవలేదు." శెనక్కాయలు పిడికెడు తీసి అవ్వ ఒళ్ళో పోసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. నాన్న చాలాసేపు కడితం వైపు చూస్తూ కూర్చుని, తరువాత పెట్టెలో పెట్టించారు. తడిగుడ్డ మాట మళ్ళీ ఎత్తలేదు.

తరువాతి గురువారం నోట్సు మధ్యలో, ఏ గొంతుమార్పూ లేకుండా, ఆయన ఆ వాక్యం చెప్పాడు. పెద్ద కదిరప్ప, ముప్పై మంది రౌతులు, చేత ఖడ్గం, మూడు దినాలు. ఫుల్‌స్టాప్.

గది మొత్తం నావైపు తిరిగింది. బల్లలు చరిచారు. శెట్టి నా వీపుమీద గుద్దాడు.

"మీ తాత ఇంత మొనగాడని చెప్పనేలేదేమప్పా!"

ఆనాటి తప్పుపోగు ఎవరికీ దొరకలేదు. లైబ్రరీలో గుమ్మలకోట పేరున్న పుస్తకమే లేదు. అది ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి చెప్పాలి. "ఆ మూడు దినాలూ మా తాత పనసతొనలు తిని పడుకున్నాడు" అని యాభై మంది ముందు చెప్పాలి. నేను నోట్సు వైపు చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ఆయన అడిగాడు: "తప్పుపోగు పట్టినోళ్ళు ఎవురప్పా?" ఎవరూ లేవలేదు. ఆయన కిటికీ వైపు చూశాడుగాని నావైపు చూడలేదు. ఆ మరునాడూ అడిగాడు. కొత్త అబద్ధాలు వేయడం మానేశాడు. "పాతది తేలేదాకా కొత్తది లేదు," అన్నాడు. కోటు జేబు రోజురోజుకూ ఉబ్బుతూ వచ్చింది, తీయని శెనక్కాయలతో. నన్ను మటుకు అందరూ గౌరవించసాగారు. వెనక బల్లవాళ్ళు బోర్డు కనిపించకపోయినా తిట్టడం మానేశారు. శెట్టి బళేపేటలో మసాలా దోశ తినిపించాడు. తిన్నాను. ఇంత నిజాయితీగా చెబుతున్నాను కాబట్టి ఇదీ చెబుతాను: రెండు తిన్నాను.

తొమ్మిదో రోజున ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

సన్నని మనిషి, చలువ కళ్ళద్దాలు, వెంట ప్రిన్సిపాలు. ముందు బల్లమీద చక్కని దస్తూరీ శెట్టిది. ఆ పుస్తకమే తీశాడు. పేజీలు తిప్పుతూ తల ఊపాడు. ప్రిన్సిపాలు ముఖం వెలిగింది. ఒకచోట ఆ తల ఊపడం ఆగింది.

"గుమ్మలకోట. ముప్పై మంది రౌతులు. ఇది ఏ గ్రంథంలో ఉంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. "ఈ ప్రాంతపు చరిత్ర నేనూ చదివాను. ఎక్కడా చూడలేదే."

మా జూన్ సార్ గోడవైపు ఒకసారి, కిటికీవైపు ఒకసారి చూశాడు. "అది అబద్ధం, నేనే వేశాను" అంటే, ఆ మాట ప్రిన్సిపాలు చెవిలో ఎట్లా పడుతుందో మాకందరికీ తెలుసు. "పుస్తకంలో ఉంది" అంటే ఏ పుస్తకమని అడుగుతాడు. తొమ్మిది జూన్‌లు ఆ గదిలో నిలబడి ఉన్నాయి. ఆయన మెల్లగా బల్లమీది రిజిస్టరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు ప్రశ్నకు జవాబు రిజిస్టరులో వెతుకుతున్నాడేమో అనిపించింది. వేలు ఒక వరస దగ్గర ఆగింది.

"ఇరవై మూడు?" అన్నాడు.

అది నా నంబరు.

పిలిచినప్పుడు పలకకపోతే కోట పడిపోతుంది. ఆ గదిలో ఆ సంగతి తెలియనివాళ్ళు ఇద్దరే, బయటినుంచి వచ్చినవాళ్ళు. నేను లేచాను.

"ప్రెజెంట్ సార్."

ఆ తరువాత ఎట్లా చెప్పానో నాకే తెలియదు. ఆ వాక్యం అబద్ధమన్నాను. పెద్ద కదిరప్ప మా తాతల తాత అన్నాను. నవాబు వచ్చినపుడు ఆయన అత్తగారింట పనసపండు తిని కడుపునొప్పితో పడుకుని ఉన్నాడన్నాను. గుర్రాలు మూడన్నాను. ఒకటి కుంటిదన్నప్పుడు గదిలో ఎవడో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆధారం మా ఇంట్లోని కడితమన్నాను. రోజుకొక అబద్ధం వేయడం ఈ తరగతి పద్ధతనీ, దాన్ని పట్టడం మా పని అనీ, ఇది తొమ్మిది రోజులు ఆలస్యమవడం నా తప్పనీ చెప్పాను.

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీశాడు.

"మిగతా అబద్ధాలు పట్టారా?"

ఇక గది ఆగలేదు. కావేరి, చచ్చిన రాజు, బెంగుళూరు సముద్రం, ఏ పుస్తకం, ఎన్నో పేజీ: అందరూ ఒకేసారి అరిచారు. శెట్టి పక్క సెక్షను నోట్సులోని మూడు తప్పులూ కలిపి చెప్పాడు. ప్రిన్సిపాలు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం శెట్టికి ఇచ్చి, లైబ్రరీ ఎక్కడని అడిగి అటు వెళ్ళాడు.

వాళ్ళు నడవ మలుపు తిరిగాక జూన్ సార్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు జేబులూ తిరగేసి నా నోట్సు మీద శెనక్కాయలు కుప్ప పోశాడు. తొమ్మిది రోజులవి. సగం మెత్తబడ్డాయి.

"నా మీదే ఎందుకు వేశారు సార్?"

"వీళ్ళకందరికీ పుస్తకంలో దొరికేవి వేసినాను. రెండు వరసల సంతకం పెట్టినోడివి, నీకు పుస్తకంలో దొరకంది వెయ్యాల కదప్పా."

"నేను లేవకపోయుంటే?"

"నేనే అబద్ధమాడినానని చెప్పేవాణ్ణి." కాయ ఒకటి వలిచి నోట్లో వేసుకున్నాడు. "అదీ నిజమే కదా."

నెల దాటాక యూనివర్సిటీ నివేదిక వచ్చింది. ఈ కాలేజీలో విద్యార్థులు లైబ్రరీని వాడుకునే తీరు ఎంతో మెచ్చదగినదని అందులో రాశారు. దాని మీద కాలేజీ వారు వెంటనే చర్య తీసుకున్నారు. లైబ్రేరియను పోస్టు ఖాయం చేశారు. ఆయన భయపడుతూనే ఆ ఉత్తర్వు అందుకున్నాడు.

చరిత్ర పోస్టు సంగతి నివేదికలో లేదు గనుక దాన్ని ఖాయమూ చెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. మేము మండిపడ్డాం. మళ్ళీ అర్జీ పెడదామన్నాం, ఈసారి సంతకం చిన్నగా పెడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వానకి ఖాయం పోస్టు ఎవురిస్తారప్పా? సుమ్నే గమ్మున కూసోండి. రాసుకోండి." ఆ మార్చి ఆఖరున వెళ్ళిపోయాడు. జూన్‌లో నీలిచేతులతో వచ్చాడు. ఆ తరువాతి జూన్‌లలో కూడా.

ఇంట్లో నేను సంగతి చెప్పిన రోజు నాన్న కుర్చీలోంచి లేచి రెండుసార్లు నడవంతా తిరిగారు. తిడతారనుకున్నాను.

"పనసతొనలు ఎన్ని తిన్నాడో అందులో రాసుందా?" అని అడిగారు. "విస్తారం" అని ఉందన్నాను. ఆ ఎండాకాలం నుంచి మా ఇంట పనసపండు కోస్తే మొదటి తొన పెద్ద కదిరప్ప పేర పక్కన పెట్టడం ఆనవాయితీ అయింది. గొలుసుకట్టు రాత నేను నేర్చుకున్నాను. పేటలో, వేసవిలో, మగ్గం పక్కన కూర్చుని ఆయన దగ్గరే.

ఆనాటి నోట్సునే గైడుగా అచ్చేసిన శెట్టిని ఆ వాక్యం తీసెయ్యమని ఇప్పటికి నాలుగుసార్లు, అచ్చుకొకసారి చొప్పున అడిగాను.

"దానికే మార్కులు పడతా ఉండాయప్పా," అంటాడు. "దిద్దేవోళ్ళు గూడా నా గైడే కదా చూసేది. తీసేస్తే పిల్లోళ్ళు పాస్ కారు." సారు ఉండగా ఒకసారి ఈ మాట ఆయనకు చెప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "పట్టేవోడు ఒకడు ఉండాడు గదా, ఉండనీలే" అన్నాడు.

నాన్న పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. కుర్చీ వడ్రంగికే తిరిగి ఇచ్చేశాం. పోయిన వారం, శెట్టి ద్వారా తెలుసుకుని, కంటోన్మెంటు నుంచి పురాతన వస్తువుల వ్యాపారి ఒకడు ఖడ్గం చూడడానికి వచ్చాడు. చంకలో శెట్టి గైడు, ఆ పేజీ దగ్గర మడత. ఒరలోంచి ఖడ్గం తీసి, వెలుగుకు పట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మూడు దినాలు నవాబును ఆపింది ఈ ఖడ్గమే గదా సార్? ఆ మాట మీరు ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే, మీరు చెప్పిన ధర."

సంతకం రెండు వరసలు పట్టేది. నేను పెట్టె తెరిచి, కడితం తీసి, అతనికి చదివి వినిపించాను. అతను గైడు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కడితం నా దగ్గరే ఉంది. ఖడ్గాన్ని మొన్న మంగళవారం పేటలో పాత ఇనుము అంగట్లో తూకానికి అమ్మాము.